రెండు రంభల చిక్కు

అపరాధపరిశోధక నవలలను నిద్ర మాని చదువు సోదరీమణులకు మేమొక పాతకావ్యమును చూపదలచితిమి. అది 16వ శతాబ్దమున పింగళి సూరన రచించి నంద్యాల కృష్ణరాజునకు అంకితమిచ్చిన కలాపూర్ణోదయము. తుంగభద్ర దాటిన కర్నూలు, దాని కావల నంద్యాల. విద్వద్గద్వాల యని పేరొందిన సీమవారికి, వనపర్తివారికిని, ఇది పొరుగింటి పుస్తకమే.

కథకు బీజము సంగీతమాత్సర్యము. తుంబురుని గెలువవలెనని నారదుడు ద్వారకకు వచ్చి, జాంబవతీ సత్యభామా రుక్మిణుల యొద్ద గానము నభ్యసించును. దేవమునికి గురువులు ఆడువారు! వారు మెచ్చిరి. కాని యది నిజమైన మెప్పో, మర్యాదకొఱకు అన్న మాటయో? పేరంటమున పాట పాడి కూర్చున్న ప్రతి బాలికయు ఈ బాధ నెఱుగును. అంతఃపురములోని నిజము తెలిసికొనుటకై అతడు కలభాషిణికి కోరిన రూపము దాల్చు వరమిచ్చెను.

చిక్కంతయు ఆ వరమునుండియే పుట్టినది. ఒకచోట ఇద్దఱు రంభలు కలహించుకొందురు, అందొకతె కలభాషిణి. వారు నలకూబరుడని భ్రమించినవాడో, రూపము మార్చిన మణికంధరుడు! ఈ ముడి నెట్లు విప్పెనో మేము చెప్పము. విప్పునది ఒక పసిబిడ్డ యని మాత్రము చెప్పుదుము.

ఈ కథాసంవిధానమును కట్టమంచి రామలింగారెడ్డిగారు 1914లో కవిత్వతత్త్వ విచారమున విమర్శించి మెచ్చిరి. 2002లో వెల్చేరు నారాయణరావుగారును డేవిడ్ షుల్మన్‌గారును దీని నాంగ్లమున వెలయించిరి. శృంగారమున్నదని కొందఱు పెద్దలు దీనిని బీరువాలో దాచుదురు. అది మాకు సమ్మతము గాదు. ఎనిమిది ఆశ్వాసములు. ఎవరు ఏ రూపమున నున్నారో కాగితముపై గుర్తు వేసికొనుచు చదువుడు.