సముద్రం లేని దీవి

మొన్న సాయంత్రం మా పక్కింటి శెట్టిగారు రుసరుసలాడుతూ వచ్చి మా అరుగు మీద కూలబడ్డారు. గాల్‌బ్లాడరులో రాళ్ళున్నాయని వచ్చే వారం ఆయనకు ఆపరేషను. మత్తు ఇచ్చే డాక్టరమ్మ అవీ ఇవీ అడిగి, చివరకు "మీరు వైశ్యులా?" అన్నదట.

"పొట్ట కొయ్యడానికి కులమెందుకండీ? ఈ రోజుల్లో కూడా ఇదేం అడగడం?"

అది అవమానించే ప్రశ్న కాదని ఆయనకు నచ్చజెప్పడానికి నేను పసిఫిక్ మహాసముద్రం దాకా వెళ్ళవలసి వచ్చింది. మీరూ రండి.

మైక్రొనేషియాలో పింగెలాప్ అని ఒక చిన్న పగడాల దీవి ఉంది. 1775 ప్రాంతంలో పెద్ద తుఫాను వచ్చి దాన్ని ఊడ్చిపెట్టింది. ఆ తుఫానుకూ, వెంట వచ్చిన కరువుకూ తట్టుకుని మిగిలినవారు సుమారు 20 మంది. వారిలో రాజు ఒకడు. బయటి సంబంధాలు వచ్చే దారి లేదు. వాళ్ళలో వాళ్ళే పెళ్ళిళ్ళు చేసుకుని మళ్ళీ ఊరు నింపారు. కొన్ని తరాలు గడిచాక పుట్టిన పిల్లల్లో కొందరు ఎండలో కళ్ళు తెరవలేకపోయారు. రంగన్నదే వాళ్ళకు తెలియదు. చూపు కూడా మందమే. అయితే మునిమాపు వేళ మాత్రం వాళ్ళే దొరలు! రాత్రిపూట దివిటీలతో చేపలు పట్టడంలో వాళ్ళది అందెవేసిన చెయ్యి. ఈ జబ్బును అక్కడ 'మస్కున్' అంటారు. ఇతర దేశాల్లో 30, 40 వేలమందిలో ఒకరికి వచ్చేది, ఆ దీవి జనంలో నూటికి అయిదుగురికి తక్కువ కాకుండా ఉంది. ఆలివర్ సాక్స్ అనే డాక్టరు 1994లో వెళ్ళి చూసి వచ్చి ఏకంగా ఒక పుస్తకమే రాశాడు. ఆయనతో వెళ్ళిన నార్వే శాస్త్రజ్ఞుడు క్నూట్ నార్డ్‌బీ కూడా పుట్టుకతో రంగులెరగనివాడే.

"అయితే ఆ రాజుకూ రంగులు కనబడేవి కావన్నమాట," అన్నారు శెట్టిగారు.

"కనబడేవండీ, అదే చిక్కు. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు జన్యువులూ చెడ్డవైతేనే జబ్బు. ఒకటే చెడితే మనిషికి ఏమీ తెలియదు, పిల్లలకు పంచి పోతాడు. రాజు అలాంటివాడేనని పరిశోధకుల ఊహ. లక్షల జనంలో అలాంటి ఇద్దరు ఆలుమగలు కావడం అరుదు. 20 మంది సంతతిలో మాటిమాటికీ అవుతారు."

"మన చుట్టూ సముద్రమేదండీ?"

"పిల్లనిచ్చేదీ, తెచ్చుకునేదీ ఒక్క కులంలోనే అయితే చాలదూ!"

నిజమే మరి. వైశ్యులు ఎన్నో తరాలుగా అలా విడిగా ఉండిపోయారని హైదరాబాదు సి.సి.యం.బి., హార్వర్డు శాస్త్రజ్ఞులు కలిసి 2009లో చెప్పారు. మత్తు ఇచ్చేటప్పుడు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ అనే మందు వాడుతుంటారు. రక్తంలోని ఒక ఎంజైము దాన్ని కొద్ది నిమిషాల్లో విరిచేస్తుంది. వైశ్యుల్లో కొందరికి, అందరికీ కాదు సుమా, ఆ ఎంజైము పనిచెయ్యదు. అప్పుడు గంటలతరబడి సొంత ఊపిరి రాదు, మెషీనే ఆడించాలి. ముందే తెలిస్తే డాక్టర్లు వేరే మందు వాడతారు.

శెట్టిగారు చాలాసేపు మాట్లాడలేదు.

"ఇరవయ్యేళ్ళనాడు మా అక్కయ్యకు ఆపరేషనయింది. పొద్దున చేస్తే రాత్రిదాకా ఊపిరి మెషీను తియ్యలేదు. డాక్టరే ఏదో చెడగొట్టాడని ఇంటిల్లిపాదీ తిట్టిపోశాం."

"ఆ మాట డాక్టరమ్మతో చెప్పారా?"

"ఎక్కడ? కులం అడగ్గానే లేచి వచ్చేశానుగా!" అంటూ ఆయన చెప్పులు వెతుక్కున్నారు. "ఆవిడ ఎన్నింటిదాకా ఉంటుందో!"