అంబాసిడరా? పద్మినియా?

పాతకార్లను గూర్చి ప్రసంగము వచ్చినపుడు మన బాలురు ముందుగా అడుగునది వేగమునే. ఆ కొలత యొక్కటియే చాలదని మా యభిప్రాయము.

అంబాసిడరు ఇంగ్లండు దేశపు మోరిస్ ఆక్స్‌ఫర్డు మూడవ శ్రేణినుండి పుట్టినది. హిందుస్థాన్ మోటార్సువారు బెంగాలునందలి ఉత్తరపాడాలో దానిని 2014 వఱకు చేసిరి. చిరకాలము దానియందుండిన ఇంజను 1489 ఘనసెంటీమీటర్లది. బలము సుమారు 50 అశ్వశక్తులు. ప్రీమియర్ పద్మిని ఇటలీవారి ఫియట్ 1100 సంతతిలోనిది. దాని ఇంజను 1089 ఘనసెంటీమీటర్లు; బలము సుమారు 40. ఈ అంకెలు చూచి మొదటిదే గెలిచెనని తలంపరాదు. అది సుమారు 1100 కిలోలు తూగును; పద్మిని 900 కిలోలకు లోపే. భాగించి చూచినచో ఒక్కొక్క అశ్వశక్తి లాగవలసిన బరువు రెంటికిని ఇంచుమించు 22 కిలోలే! లెక్కలనిన భయపడు విద్యార్థులు దీని నొకమాఱు వేసి చూడవలెను.

పెట్రోలు పొదుపునందును, ఇఱుకు వీధుల మలుపులయందును పద్మినిదే పైచేయి. బొంబాయి టాక్సీవారు దశాబ్దములకొలది దానినే నమ్ముకొనిరి. అచ్చటి కడపటి పద్మిని టాక్సీ 2023లో గాని విరమింపలేదు. కాని మానవపాడువంటి యూరినుండి రోగిని వెనుకసీటుపై పరుండబెట్టి, తోడుగా ఇరువురు కూర్చుండి, తుంగభద్ర దాటి కర్నూలు ఆసుపత్రికి పోవలసినచో, నాలుగు మీటర్లకు మించిన పొడవును తగిన వెడల్పును గల అంబాసిడరే మాకు మేలుగా తోచుచున్నది. కాదనువారు రెండుబండ్ల వెనుకసీట్లను కొలిచి వచ్చి మాతో వాదింతురు గాక.