టెముకో పోతే ఏం జూడాలె?

చిలీల టెముకో అంటే మనకు నెరూడా పెరిగిన ఊరు. టూరిస్టులకేమో మపూచేల వెండి నగలు, నేత శాలువలు దొరికే సంత. గని 1881ల గీ ఊరు పుట్టిందే మపూచేల గడ్డ మీద ఫౌజు కట్టిన కోటగ. 1641ల స్పెయినోళ్లే బియోబియో నదిని సరిహద్దని ఒప్పుకున్నరు. స్వతంత్ర చిలీ మాత్రం నది దాటి భూమి గుంజుకున్నది. దానికి 'శాంతింపజేసుడు' అని పేరువెట్టింది. 1884 నుంచి 1929 దాకా పట్టాలిచ్చి, మపూచేలను సుమారు 5 లక్షల హెక్టార్లకు కుదించింది. ఇయ్యాల గుంజుకున్న నేలల కొంత భాగం కంపెనీల పైన్, యూకలిప్టస్ తోటలే. భూమి అడిగినోళ్ల మీద ఉగ్రవాద చట్టం వెడితే, 2014ల అమెరికా ఖండాల మానవ హక్కుల కోర్టే చిలీని తప్పువట్టింది. సంస్కృతి ముద్దు, భూమి అడిగితే కేసా? టెముకో పోతే శాలువ కొనుండ్రి. నేసినామె భూమి యాడ వోయిందో గూడ అడుగుండ్రి.