సున్నాలో ఆరున్నర శాతం

సంపాదకుల వారికి,

మొన్న మీ లేఖల పేజీలో ఒక పాఠకుడు, పెద్ద నగరాల్లో పారిశుధ్యం పనిని ప్రైవేటు కంపెనీలకు అప్పగించడమే మేలని రాశారు. పన్ను కట్టేవాళ్ళ డబ్బు మిగులుతుంది, వీధులు బాగుపడతాయి, ఇది ఉత్త లెక్కల వ్యవహారం, దీంట్లోకి కులాన్ని లాక్కురావద్దు అన్నారు. ఎస్సీ వర్గీకరణ కూడా జరిగిపోయింది కదా, ఇంకేం కావాలి అని చివర్న ఒక మాట. ఆయన మర్యాద తప్పలేదు, నేనూ తప్పను. కానీ నేను ఇరవై ఆరేళ్ళు కొట్లో పద్దులు రాసినవాణ్ణి. ఎవరైనా మిగులు అంటే, ఎవరి ఖాతాలో కోత పడితే అది వచ్చిందో చూడడం నాకు అలవాటు.

ఆ కొట్టు మద్రాసు పారీస్ కార్నర్‌లో ఉండేది. తడుకు స్టేషన్‌లో రైలెక్కి అరక్కోణం మీదుగా పోయేవాణ్ణి. మేము షట్టర్ ఎత్తేలోగా వీధి ఊడ్చేసి పోయే ఆడవాళ్ళు నలుగురైదుగురు ఉండేవాళ్ళు. వాళ్ళలో వాళ్ళు మాట్లాడుకునేది తెలుగే, అదీ మన పక్క యాసే. ఒకామె నన్ను "యా వూరు నాయనా?" అని అడిగింది. పుత్తూరు దగ్గర వడమాలపేట అన్నాను. ఆమె మొగుడికి చెయ్యి విరిగితే పుత్తూరు కట్టు కట్టించుకోను ఒకసారి వచ్చినారంట. మన పక్క ఆమె చూసింది అదొక్కటే. తాతల కాలంలోనే మద్రాసు చేరిన కుటుంబం. 1953 దాకా మన చిత్తూరు జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోదే కాబట్టి వాళ్ళు పోయింది పరాయి రాష్ట్రానికేం కాదు.

పక్క కొట్టు ముదలాళి మా మాటలు విని, మీ వాళ్ళు కూడా కార్పొరేషన్‌లో ఉన్నారా అని నన్నడిగాడు. "లేరు, లేరు" అన్నాను. రెండుసార్లు అన్నాను. ఎందుకంత తొందర? ఆ ఊడ్చే ఆమె పర్మినెంటు. ఆమె జీతం నా జీతం కన్నా ఎక్కువ. ఆమెకు పింఛను వస్తుంది, నాకు పి.ఎఫ్. కూడా లేదు. ఉత్త డబ్బు లెక్కే అయితే నాకు అసూయ కలగాలి. నాకు కలిగింది సిగ్గు. ఆయన అడిగింది ఉద్యోగం గురించే అయినా, నాకు వినిపించింది కులం. మీ పాఠకునికి ఇలాంటిది ఒక్కటైనా అనుభవంలో లేదంటే నేను నమ్మలేను.

మద్రాసు కార్పొరేషన్ పెత్తనం ఒకప్పుడు తెలుగువారి చేతిలోనూ ఉండేది. టి.నగర్‌కు ఎవరి పేరు పెట్టారో ఆ పిట్టి త్యాగరాయ శెట్టి దానికి అధ్యక్షుడుగా ఉన్నప్పుడు, 1920లో, థౌజండ్ లైట్స్ కార్పొరేషన్ బడిలో పిల్లలకు మధ్యాహ్నం తిండి పెట్టించారు. ఆ కార్పొరేషన్ ఆఫీసు ముందరే, రిప్పన్ బిల్డింగ్ దగ్గర, 2025 ఆగస్టు 1 నుంచి పారిశుధ్య కార్మికులు బైఠాయించారు. రాయపురం, తిరు.వి.క. నగర్ జోన్ల పనిని ప్రైవేటుకు ఇచ్చేశారని వాళ్ళ గోడు. ఎక్కువమంది ఆడవాళ్ళు, ఎక్కువమంది దళితులు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళు ఆ పనిలో మొదటినుంచీ ఉన్నవాళ్ళే. 13వ తేదీ అర్ధరాత్రి పోలీసులు వచ్చి అందరినీ లేపేశారు. మరునాడే ప్రభుత్వం ఉచిత టిఫిన్‌తో సహా కొన్ని పథకాలు ప్రకటించింది. పెట్టే టిఫిన్ వద్దని ఎవరంటారు? కానీ పదమూడు రోజులు రోడ్డు మీద కూర్చుని వాళ్ళు అడిగింది ఉద్యోగం.

ఇప్పుడు పద్దు చూద్దాం. కార్మికులు చెప్పిన లెక్క ప్రకారం అప్పటిదాకా నెలకు 23 వేలకు దగ్గరగా వస్తున్నది, కంపెనీ కిందికి పోతే 17 వేల లోపుకు దిగుతుంది. మనిషికి 6 వేలు. దాదాపు రెండు వేల మంది. నెలకు కోటీ ఇరవై లక్షలు. మీ పాఠకుడు చెప్పే మిగులు ఇదే అయితే, దాన్ని మిగిల్చింది కంపెనీ లారీ అని నేను ఒప్పుకోను. అది పొరక పట్టిన చేతిలోంచి తీసుకున్నది. ఆ చెయ్యి ఎవరిదో కూడా లెక్క ఉంది. మురుగు కాలువలు, సెప్టిక్ ట్యాంకులు శుభ్రం చేసేవాళ్ళను 38 వేల మందిని కేంద్ర ప్రభుత్వం నమస్తే పథకం కింద నమోదు చేస్తే, దాదాపు 92 శాతం ఎస్సీ, ఎస్టీ, ఓబీసీలని తేలింది. ఒక్క ఎస్సీలే 69 శాతం దాకా. ఈ పనిలో కులం లేదనేవాళ్ళు ఈ అంకెలకు ఇంకో కారణం చూపించాలి.

వర్గీకరణ సంగతికి వస్తాను. నేను దానికి అనుకూలుణ్ణే. తమిళనాడు 2009లోనే ఎస్సీల 18 శాతం రిజర్వేషన్‌లోంచి అరుంధతీయులకు 3 శాతం విడిగా తీసింది. ఆ జాబితాలో మాదిగ, ఆది ఆంధ్ర కూడా ఉన్నాయి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టులో ఏడుగురు జడ్జీల ధర్మాసనం, ఆరుగురు ఒకవైపు ఒకరు ఒకవైపుగా, వర్గీకరణ చెల్లుతుందని చెప్పింది. 2025లో మన ఆంధ్రప్రదేశ్ ఎస్సీలకు ఉన్న 15 శాతాన్ని మూడుగా చేసింది: రెల్లి మొదలైన 12 కులాలకు 1, మాదిగ మొదలైన 18 కులాలకు 6.5, మాల మొదలైన 29 కులాలకు 7.5. ముప్ఫై ఏళ్ళ పోరాటం అది, చిన్నది చేసి మాట్లాడను.

అయితే శాతం దేనిమీద? సర్కారు పోస్టు మీద. పనిని ప్రైవేటు కంపెనీకి రాసిచ్చేస్తే అక్కడ రిజర్వేషన్ రోస్టరూ లేదు, శాతమూ లేదు. సున్నాలో ఆరున్నర శాతం ఎంతో మూడో తరగతి పిల్లకాయ చెప్తాడు. వాటా ఎంతో తేలేసరికి పళ్ళెం ఎత్తేశారు. ఇంకో సంగతి కూడా ఉంది. పొరక పట్టడానికి రోస్టర్ పాయింటు ఎన్నడూ అవసరం పడలేదు, ఎటూ ఆ కులాలవాళ్ళే వస్తారు. మేస్త్రీ పనికి, శానిటరీ ఇన్‌స్పెక్టర్ కుర్చీకి కావాలి రోస్టర్. కాంట్రాక్టులో మొదట పోయేది ఆ కుర్చీ ఎక్కే దారి.

పర్మినెంటు వాళ్ళు పని ఎగ్గొడతారని మీ పాఠకుడు రాశారు. మస్తర్‌లో వేలిముద్ర వేసి మాయమైనవాళ్ళను నేనూ చూశాను. మండలాఫీసులో గుమాస్తా సీట్లో లేడని ఆ ఆఫీసును కంపెనీకి ఇచ్చేసిన ఊరు మాత్రం నేనింకా చూడలేదు.

మన రాష్ట్రం కొంత నయమని చెప్పాలి. మధ్యలో కాంట్రాక్టరు జీతం కొరకకుండా 2020లో ఆప్కాస్ అనే ప్రభుత్వ ఔట్‌సోర్సింగ్ సంస్థను పెట్టారు. 2023 డిసెంబరు ఆఖరులో మునిసిపల్ కార్మికులు సమ్మెకు దిగాక 2024 జనవరిలో నెలకు 21 వేలకు ఒప్పందం కుదిరింది. నయమే, అయినా పర్మినెంటు ఊసు లేదు.

పుట్టుకకూ పనికీ పడిన ఈ ముడి మనకు మాత్రమే ఉన్నది కూడా కాదు. అమెరికాలో మెంఫిస్ నగరంలో 1968 ఫిబ్రవరి 1న వాన పడుతుంటే ఇద్దరు నల్లజాతి కార్మికులు, ఎకోల్ కోల్, రాబర్ట్ వాకర్, చెత్త లారీ వెనక తొట్టిలో తలదాచుకున్నారు. చెత్తను అదిమే యంత్రం దానంతటదే కదిలి ఇద్దరినీ నలిపేసింది. 1,300 మంది సమ్మె కట్టారు. వాళ్ళు జీతమూ అడిగారు, యూనియనూ అడిగారు. మెడలో వేసుకున్న అట్ట మీద మాత్రం 'నేను మనిషిని' అని రాసుకున్నారు. వాళ్ళకు తోడు నిలవడానికి వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న అక్కడే కాల్చి చంపారు. పింఛను సరిగ్గా అమరని ఆ సమ్మె కార్మికుల్లో బతికి ఉన్నవాళ్ళకు తలా 50 వేల డాలర్లు ఇస్తామని నగరం 2017లో ప్రకటించింది. నలభై తొమ్మిదేళ్ళ బాకీ. అప్పటికి మిగిలినవాళ్ళు గుప్పెడు.

మన దగ్గర చట్టం ఆ మాత్రం ఆలస్యం చేయనక్కర్లేదు. ఒకే పని చేసే తాత్కాలిక ఉద్యోగికీ సమాన వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో చెప్పింది. కేంద్ర జల సంఘంలో ఏళ్ళ తరబడి ఊడ్చిన ఆడవాళ్ళను తీసేసినప్పుడు, వాళ్ళను పర్మినెంటు చేయమని 2024 డిసెంబరులో తీర్పు ఇచ్చింది.

నేనడిగేది చిన్నదే. తిరుపతి కానీ, విశాఖ కానీ, హైదరాబాదు కానీ, ఏ కార్పొరేషన్ అయినా ఊడ్చే పనిని బయటికి ఇచ్చే ముందు కౌన్సిల్‌లో ఒక కాగితం పెట్టాలి. ఇప్పుడు పని చేస్తున్నవాళ్ళెందరు, ఏ కులాలవాళ్ళు, ఇప్పటి జీతం ఎంత, రేపటి జీతం ఎంత, ఎన్ని మేస్త్రీ, ఇన్‌స్పెక్టర్ పోస్టులు రద్దవుతాయి, కంపెనీకి పోయేదెంత. అంకెలన్నీ ఒకే కాగితం మీద ఉండాలి, వేరువేరు ఫైళ్ళలో కాదు. లెక్కల వ్యవహారమని మీ పాఠకుడే అన్నారు కాబట్టి ఆయనకు అభ్యంతరం ఉండకూడదు. కావాలంటే కూడికలు సరిచూడ్డానికి నేను వస్తాను, బస్సు ఛార్జీ కూడా నాదే.

ఇట్లు,
ఒక రిటైర్డు కొట్టు గుమాస్తా,
వడమాలపేట, తిరుపతి జిల్లా