ప్రాసెసర్ల పోటీ – గృహస్థుని లాభం

ఇంటికి డెస్క్‌టాప్ కంప్యూటరు కొనదలచిన ప్రతి కుటుంబానికీ ఎదురయ్యే తొలి ప్రశ్న ఒకటే: ఇంటెలా, ఏ.ఎం.డి.యా? మెల్‌బోర్న్‌లోనైనా సిడ్నీలోనైనా తెలుగువారు కలుసుకొన్న చోట ఈ ప్రశ్నకు సమాధానాల కొరత లేదు. ఏళ్ళ తరబడి ఒకే సంస్థను నమ్ముకొన్నవారు కళ్ళు మూసుకొని దానినే సిఫారసు చేస్తారు. మరికొందరు అన్నింటికన్న ఖరీదైనదే మంచిదని సలహా ఇస్తారు. పిల్లల చదువు కోసమన్న మాట వినిపించగానే తల్లిదండ్రులు బేరమాడడం మానివేస్తారు. ఈ రెండు మార్గాలూ కష్టార్జితాన్ని వృథా చేసేవే. ప్రాసెసరును సంస్థ పేరును బట్టి గాక, కొనే నాటి ధరకు ఇంటి అవసరం ఎంతవరకు తీరుతుందన్న లెక్కను బట్టి ఎన్నుకోవడమే వివేకం.

ఈ పోటీ పుట్టుకలోనే ఒక పాఠం ఉన్నది. ఇంటెల్ 1968లో, ఏ.ఎం.డి. 1969లో స్థాపితమైనాయి. 1981లో ఐ.బి.ఎం. సంస్థ తన పర్సనల్ కంప్యూటరుకు ఇంటెల్ వారి 8088 ప్రాసెసరును స్వీకరించింది. అయితే ఒకే సరఫరాదారుపై ఆధారపడడం ఇష్టంలేక రెండవ ఉత్పత్తిదారు ఉండాలని పట్టుబట్టింది. ఫలితంగా 1982లో ఆ తరహా ప్రాసెసర్లను తయారుచేసే అనుమతి ఏ.ఎం.డి.కి లభించింది. అంటే ఈ వైరానికి మూలం ఒక కొనుగోలుదారు ముందుచూపే.

పోటీ సన్నగిల్లినప్పుడు ఏమవుతుందో తరువాతి చరిత్ర చెబుతుంది. ప్రాసెసరులో ఏకకాలంలో వేర్వేరు పనులు చేయగల విభాగాలను కోర్‌లంటారు. ఇంటెల్ 2007 నాటికే సామాన్య వినియోగదారునికి నాలుగు కోర్‌ల ప్రాసెసరును అందించింది. పదేళ్ళ తరువాత, 2017 జనవరిలో వచ్చిన కోర్ ఐ7 7700కె లోనూ అవే నాలుగు కోర్‌లు. ఆ మార్చిలో ఏ.ఎం.డి. ఎనిమిది కోర్‌ల రైజెన్‌ను విడుదల చేయగా, అక్టోబరు నాటికి ఇంటెల్ ఆరు కోర్‌లతో ముందుకు వచ్చింది. పదేళ్ళు కదలనిది ఏడు నెలలలో కదిలింది.

అలాగని ఏ.ఎం.డి.ని ఆపద్బాంధవునిగా భావించనవసరం లేదు. 2019లో ఆరు కోర్‌ల రైజెన్ 3600ను 199 అమెరికన్ డాలర్లకు అమ్మిన ఆ సంస్థ, 2020లో పైచేయి సాధించిన తరువాత ఆరు కోర్‌ల 5600ఎక్స్‌కు 299 డాలర్లు నిర్ణయించింది. ఏరు దాటేదాకా ఓడ మల్లయ్య, ఏరు దాటాక బోడి మల్లయ్య! 2022 జనవరిలో ఇంటెల్ తన ఆరు కోర్‌ల 12400ను 192 డాలర్లకు దించడంతో, ఏప్రిల్‌లో ఏ.ఎం.డి. 5600ను తిరిగి 199 డాలర్లకు తెచ్చింది. వీరాభిమానం ఇంజనీర్లకే లేదు. తెలుగువాడైన రాజా కోడూరి ఏ.ఎం.డి. గ్రాఫిక్స్ విభాగాన్ని నడిపి, 2017లో ఇంటెల్‌లో చేరారు. నిర్మాతలకు లేని పట్టింపు కొనుగోలుదారునికి ఎందుకు?

ఇక లెక్క ఎలా వేయాలి? పాఠశాల పనులకు, ఉత్తరప్రత్యుత్తరాలకు, స్వదేశంలోని పెద్దలతో వీడియో సంభాషణలకు మధ్యతరగతి ప్రాసెసరు పుష్కలంగా సరిపోతుంది. నాట్య ప్రదర్శనల, వివాహాల వీడియోలను కూర్చేవారికి అధిక కోర్‌లు ఉపకరిస్తాయి. ఆటలకు ప్రాసెసరుకన్న గ్రాఫిక్స్ కార్డు ముఖ్యం. ఒక హెచ్చరిక: 12400ఎఫ్ వంటి వాటిలో చివరనున్న 'ఎఫ్' అక్షరానికి అంతర్గత గ్రాఫిక్స్ లేవని అర్థం. విడిగా కార్డు కొనకపోతే తెరపై బొమ్మే రాదు. అప్పుడు చౌక బేరం కాస్తా ఖరీదవుతుంది.

ఇల్లలకగానే పండుగ కానట్లే, ప్రాసెసరు కొనగానే కంప్యూటరు కాదు. మదర్‌బోర్డు, మెమరీ, కూలరు కలిపి ధర చూడాలి. 2017లో రైజెన్ కోసం కొన్న మదర్‌బోర్డులు అనేకం, బయోస్‌ను నవీకరించుకొంటే 2022 నాటి ప్రాసెసరును సైతం స్వీకరించాయి. అదే 2017 జనవరిలో ఇంటెల్ ఏడవ తరంతో వచ్చిన బోర్డులు అక్టోబరులో వచ్చిన ఎనిమిదవ తరానికే పనికిరాలేదు. విద్యుత్తూ లెక్కలోనిదే. యూనిట్టుకు 30 సెంట్లు అనుకొంటే, 100 వాట్లు అధికంగా వాడే యంత్రం రోజుకు 4 గంటలు నిండు పనిలో నడిస్తే ఏడాదికి 146 యూనిట్లు, అంటే సుమారు 44 డాలర్లు అదనం.

ఆస్ట్రేలియాలో మరి రెండు విషయాలు గమనించాలి. ఇక్కడ ఐ.టి. ఉత్పత్తులు ఇతర దేశాలకన్న ప్రియమన్న ఫిర్యాదు నిరాధారం కాదని 2013లో ప్రతినిధుల సభ స్థాయీ సంఘం నివేదికే తేల్చింది. అయినా అమెరికా ధరలో అమ్మకపు పన్ను కలిసి ఉండదు. ఇక్కడి ధరలో 10 శాతం జి.ఎస్.టి. కలిసే ఉంటుంది. మారకపు విలువను, పన్నును సరిచూడకుండా అమెరికా నుంచి వచ్చే బంధువుల చేత తెప్పించుకోవడం తొందరపాటు. రెండవది హక్కు. 2011 జనవరి 1 నుంచి అమలులోనున్న ఆస్ట్రేలియా వినియోగదారుల చట్టం ప్రకారం, లోపమున్న వస్తువుకు ఇక్కడి వ్యాపారే జవాబుదారి. విదేశంలో కొన్నదానికి ఆ హక్కును సాధించుకోవడం కష్టం. ఇంటెల్ 13, 14 తరాల డెస్క్‌టాప్ ప్రాసెసర్లు కొన్ని అస్థిరంగా పనిచేయడంతో 2024లో ఆ సంస్థే వారంటీని రెండేళ్ళు పొడిగించవలసి వచ్చింది. రసీదు విలువ అటువంటప్పుడే తెలుస్తుంది.

కనుక అవసరాన్ని ముందుగా కాగితంపై వ్రాసుకొని, ఆ అవసరం తీర్చగల ఇరుపక్షాల ప్రాసెసర్లనూ మొత్తం ఖర్చుతో పోల్చి, తక్కువైన దానిని నిస్సంకోచంగా కొనాలి. ఈసారి ఇంటెల్, మరుసటిసారి ఏ.ఎం.డి. కావచ్చు. పక్షం మారడానికి సిద్ధంగా ఉన్న కొనుగోలుదారులు ఉన్నంతకాలమే ఈ పోటీ నిలుస్తుంది. పోటీ నిలిచినంతకాలమే ధర అదుపులో ఉంటుంది.