స్కిన్ డాక్టర్‌కు రాసిచ్చిన చీటీ ఇంట్లోనే ఎందుకు ఉండిపోతోంది?

బస్తీ దవాఖానాలోనో, పీహెచ్‌సీలోనో మీ ఒంటిపై మచ్చ చూసిన డాక్టర్ 'పెద్దాసుపత్రిలో స్కిన్ డాక్టర్‌కు చూపించుకోండి' అని చీటీ రాసిచ్చారు. నెల దాటినా వెళ్లలేదా? మీ బద్ధకం ఒక్కటే కారణం కాదు.

చీటీ ఉంది, తేదీ లేదు

బస్తీ దవాఖానాలు, పీహెచ్‌సీల్లో సాధారణంగా చర్మ నిపుణులు ఉండరు. జిల్లా ఆసుపత్రికో, ఉస్మానియా, గాంధీ, విశాఖ కేజీహెచ్ లాంటి పెద్దాసుపత్రికో వెళ్లాలి. ఓపీ ఎక్కువగా ఉదయం పూటే. డాక్టర్ ఫీజు ఉండదు కానీ, ఆ రోజు పోయిన కూలి ఎవరూ ఇవ్వరు. పైగా ఏ రోజు రావాలో చీటీ మీద చాలాసార్లు ఉండదు. టీబీ రోగుల వివరాలను నిక్షయ్ పోర్టల్‌లో ఎక్కించి, చికిత్స పూర్తయ్యేదాకా గమనిస్తారు. మామూలు చర్మ సమస్యకు వెళ్లకపోతే 'ఎందుకు రాలేదు' అని అడిగేవారు అరుదు.

ట్యూబ్‌తో తగ్గిందిగా!

చీటీ పక్కనపెట్టి చాలామంది మెడికల్ షాపులో ట్యూబ్ కొంటారు. వాటిలో క్లోబెటాసాల్, బెటామెథాసోన్ లాంటి స్టెరాయిడ్ ఉంటే దురద, ఎరుపు కొద్ది రోజుల్లోనే తగ్గుతాయి. కానీ అది తామర అయితే ఫంగస్ చావదు. ట్యూబ్ ఆపగానే మళ్లీ, ఇంకా ఎక్కువగా వస్తుంది. మచ్చ రూపం మారిపోయి, తర్వాత డాక్టర్‌కు గుర్తుపట్టడమూ కష్టమవుతుంది. అందుకే 2018లో కేంద్రం స్టెరాయిడ్ క్రీములను షెడ్యూల్ హెచ్‌లోకి తెచ్చింది. డాక్టర్ చీటీ లేకుండా వీటిని అమ్మకూడదు.

ఆలస్యం చేస్తే ఏమవుతుంది?

పాలిపోయిన లేదా ఎర్రబారిన మచ్చ మీద స్పర్శ తెలియడం లేదంటే కుష్ఠు కావచ్చు. జాతీయ స్థాయిలో ఈ వ్యాధి 2005 చివరికల్లా 10 వేల మందిలో ఒకరి కంటే తక్కువకు చేరినా, కొత్త కేసులు ఇంకా బయటపడుతున్నాయి. నొప్పి ఉండదు కాబట్టి తొందర అనిపించదు. నలుగురికీ తెలిస్తే పెళ్లి సంబంధాలు చెడతాయన్న భయం మరోవైపు. ప్రభుత్వ కేంద్రాల్లో ఎండీటీ మందులు ఉచితం. వ్యాధి రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు వాడితే నయమవుతుంది. ఆలస్యంగా వెళ్తే బ్యాక్టీరియా చచ్చినా, దెబ్బతిన్న నరాలు, వంకరపోయిన వేళ్లు మునుపటిలా కాకపోవచ్చు.

మీరేం చేయొచ్చు?

• చీటీ తీసుకునేటప్పుడే 'స్కిన్ ఓపీ ఏ రోజు, ఎన్ని గంటలకు' అని అడిగి దానిమీదే రాయించుకోండి.
• మచ్చను వారానికోసారి ఫొటో తీసుకోండి. తేదీ ఫోన్‌లో ఉంటుంది.
• వాడిన ట్యూబ్‌లు ఖాళీ అయినా పారేయకుండా డాక్టర్‌కు చూపించండి.
• క్యూఆర్ కోడ్ సౌకర్యం ఉన్న ఆసుపత్రుల్లో ఆభా యాప్‌తో ఓపీ టోకెన్ తీసుకుంటే రిజిస్ట్రేషన్ క్యూ తప్పుతుంది.
• వెంటనే వెళ్లలేకపోతే ఈ-సంజీవనిలో ఉచితంగా డాక్టర్‌తో మాట్లాడొచ్చు. స్పర్శ లేని మచ్చకు మాత్రం నేరుగా పరీక్ష తప్పనిసరి.

ఆసుపత్రులు చేయాల్సింది కూడా చిన్నదే. చీటీ రాసే చోటే తేదీ ఇవ్వడం, రాకపోతే ఒక్క ఫోన్ చేయడం. అప్పటిదాకా మీ ఇంట్లో ఎవరి దగ్గరైనా అలాంటి చీటీ ఉందేమో ఈ రోజే అడగండి.