బెల్టు బిగిసిన బండి

1980లో టి.వి.యస్. 50 మోపెడ్ హోసూరు నుండే బయలుదేరింది. బండి బాగుచేసుకోవడం ఈ ఊరివారికి కొత్తగాదు. అయినా గేరులేని స్కూటరు మమ్మల్ని ఏడిపించింది.

మొన్న కృష్ణగిరికి పోతూండగా శూలగిరి దగ్గర ఇంజను అరవడమే గాని వేగం పెరగలేదు. మెల్లగా ఇల్లు చేరి, బండి చల్లారినాక ప్రక్కమూత విప్పి, ముందరి కప్పీ నట్టు తీసినాము. బెల్టు ఊడితేనా! వెనుక కప్పీ రెండు పళ్లెములూ కరచుకొని ఉన్నవి. స్క్రూడ్రైవరు దూర్చబోతే మాకు తెలిసిన మెకానిక్కు ఆపినాడు: "వద్దు సామీ, అంచు నొక్కుపడితే కొత్త బెల్టునూ కోసేస్తుంది."

వెనుక పళ్లెమును స్ప్రింగు నొక్కిపట్టి ఉంచుతుంది. అది వాలుగాడిలో కదిలేది గనుక నేరుగా లాగితే రాదు; త్రిప్పుతూ లాగవలె. సందు ఏర్పడగానే బెల్టును అందులోకి దింపితే ముందువైపు వదులవుతుంది. 1958 నాటి డచ్చి డాఫ్ కారుకూ, కెనడా మంచుబండ్లకూ ఇటువంటి కప్పీలే.

మాది గ్రీజు ఎండి బిగిసిపోయింది. మా చిన్నవాడు క్లచ్చి మీది పెద్ద నట్టుకు పానా వేయనే వేసినాడు! చేయి పట్టి లాగినాము. దాని క్రింద అణగియున్న స్ప్రింగు ఎగిరితే ముఖము పగులుతుంది. ఆ నట్టు మాత్రం ఇంట విప్పకండి. షాపులో స్ప్రింగును అదిమిపట్టే సాధనం ఉంటుంది. మేమూ అక్కడికే పంపి, గాడి తుడిపించి, కొత్త గ్రీజు పెట్టించినాము. గ్రీజు చేతులతో బెల్టును ముట్టరాదు, జారుతుంది.

ఆదివారం కృష్ణగిరి పోయివచ్చినాము. మామిడిపండ్ల బుట్ట బరువుకు కూడా బండి మూలగలేదు.